సమస్య: విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

నిర్వాహకుడు: ఫార్మకాలజీ పరీక్షలు దగ్గర పడ్డాయి. పీజీ ఎంట్రన్స్‌కి చదువుతున్నవాళ్లూ మనలో ఉన్నారు కాబట్టి ఈసారి సమస్య మందుల మీద ఇస్తున్నాను. పాదం తేటగీతిది. ఏ జబ్బు, ఏ విషం, అది ఎలా పనిచేసింది అన్నది పద్యంలోంచి తెలియాలి. యతి తప్పితే దిద్దుకుందాం. మందు తప్పితే మాత్రం పూరణ చెల్లదు.

హౌస్ సర్జన్, గుంటూరు:

పురుగు మందును జల్లుచుఁ బొలము నందు
కూలె రైతన్న, కన్నుల గుండుసూది
మొనల యట్టులఁ బాపలు ముడుచుకొనఁగ
విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది బాబూ, పాపలు ముడుచుకోవడం చక్కగా పట్టావు. కానీ ఎక్కించిన విషమేదో చెప్పలేదు. సమస్యలోని చిక్కు అలాగే మిగిలింది. మూడో పాదంలో మందు రావాలి.

హౌస్ సర్జన్: నిజమే సార్. ఇలా మార్చాను:

పురుగు మందునఁ గూలిన పొలము రైతు
కంటిపాపలు మొనలయి కలఁగు వేళ
నట్రొపీనను నుమ్మెత్త యందు నుండు
విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

నిర్వాహకుడు: ఇప్పుడు నిండింది. ఉమ్మెత్తలో ఉండేది హయోసయమిన్, దాన్ని వేరుచేసే క్రమంలో అట్రోపిన్ అవుతుంది. పద్యానికి అంతవరకు చాలు.

పరీక్ష రాసేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగు మందులు ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ అనే నరాల సంకేత రసాయనం విరగక పేరుకుపోతుంది. నోట చొంగ, కంట నీరు, ఊపిరితిత్తుల్లో తేమ, నెమ్మదించిన గుండె అన్నీ దానివల్లే. అట్రోపిన్ గ్రంథులు, గుండె మీద ఉండే మస్కరినిక్ రిసెప్టర్ల దగ్గర అడ్డు నిలుస్తుంది. చాలకపోతే ఐదేసి నిమిషాలకు మోతాదు రెట్టింపు చేస్తూ పోతారు. ఎక్కడ ఆపాలి? చాలామంది పాపలు పెద్దవయ్యాయా అని చూస్తామని రాస్తారు. చూడాల్సింది ఛాతీని. స్టెత్ పెడితే గురగుర పోయి ఊపిరి శుభ్రంగా వినపడాలి, నాడి, బీపీ నిలబడాలి. కండరాల అదురు, నీరసం కండరాల మీది నికోటినిక్ రిసెప్టర్ల వైపువి, వాటిని అట్రోపిన్ ముట్టుకోదు. ఎంజైమ్‌ను విడిపించడానికి ఇచ్చేది ప్రాలిడాక్సిమ్. మన జిల్లాల్లో క్యాజువాలిటీ డ్యూటీ చేసే ప్రతి ఒక్కరికీ ఇది కంఠతా రావాలి.

ఫైనలియర్ విద్యార్థిని, వరంగల్:

ముదుర నేరని కణములు ముంచి యెత్త
నెత్తు రాగక కారఁగ నీరసింప
శంఖపాషాణ మను పేర జనులు బెదరు
విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

నిర్వాహకుడు: నాకు అన్నిటికంటే నచ్చిన పూరణ ఇదేనమ్మా. ముదరని ప్రోమైలోసైట్లు (తెల్లకణాల తొలి రూపం), ఆగని రక్తస్రావం, శంఖపాషాణం అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్: ఏపీఎల్ అనే రక్త క్యాన్సర్ మొత్తం మూడు పాదాల్లో వచ్చేసింది. ఎవరు నీరసించారో మాత్రం లేదు. రెండో పాదం "నెత్తు రాగక కారెడు నెలఁత కపుడు" అంటే రోగి కనపడుతుంది.

ఈ జబ్బులో 15, 17 క్రోమోజోముల మధ్య ముక్కలు మారి పుట్టే ప్రోటీన్‌లో పీఎంఎల్ భాగాన్ని ఆర్సెనిక్, రెండో భాగాన్ని ఆట్రా (విటమిన్ ఎ రకం మందు) పట్టుకుంటాయి. ఆర్సెనిక్‌తో ఈసీజీలో క్యూటీ (గుండె తర్వాతి కొట్టుకు సిద్ధమయ్యే వ్యవధి) సాగుతుంది కాబట్టి పొటాషియం, మెగ్నీషియం చూసుకోవాలి.

ఎంట్రన్స్ అభ్యర్థి, హైదరాబాద్:

రక్త పోటున గుండియ రాయి వోలె
బరువు గా, బ్రెజిల్ దేశపు పాము కోఱ
నొదవి వచ్చిన క్యాప్టోప్రి లొకటి యెంచి
విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

హౌస్ సర్జన్: యతులన్నీ కుదిరాయి అన్నా. కానీ క్యాప్టోప్రిల్ మాత్ర కదా, ఎక్కించడం ఎక్కడిది?

నిర్వాహకుడు: అదొక్కటే కాదు, అది విషమూ కాదు. జరరాకా అనే పాము విషంలో బ్రాడీకైనిన్ (రక్తనాళాలను సడలించే పదార్థం) ప్రభావాన్ని పెంచే పెప్టైడ్లను 1960ల్లో సెర్జియో ఫెరేరా గుర్తించారు. ఆ ఆధారంతో స్క్విబ్ సంస్థలో కుష్‌మన్, ఒండెట్టి తయారు చేసిన కొత్త అణువు క్యాప్టోప్రిల్. అమెరికాలో అనుమతి 1981లో వచ్చింది. కాబట్టి పూరణ చెల్లదు.

అయినా నీ పద్యాన్ని అందరూ గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. క్యాప్టోప్రిల్ లాంటి ఏసీఈ మందులకు పొడి దగ్గు ఎందుకొస్తుందన్నది వైవాలో తప్పని ప్రశ్న. బీపీ పెంచే యాంజియోటెన్సిన్ IIను తయారుచేసే ఏసీఈ ఎంజైమే బ్రాడీకైనిన్‌ను విరగ్గొడుతుంది. దాన్ని ఆపితే బీపీ తగ్గుతుంది, బ్రాడీకైనిన్ పేరుకుని దగ్గు వస్తుంది. ఆ పాము విషంలో మొదట కనపడిన గుణమూ ఇదే. గర్భిణులకు ఈ మందులు ఇవ్వకూడదన్నదీ దీంతోపాటే చదువుకో.

నిర్వాహకుడు (తన పూరణ):

కణము పెరుగంగఁ గావలెఁ గద ఫొలేటు,
దాని దారిని మూసెడి తంత్ర మెఱిఁగి,
వెనుక విరుగుడు సిద్ధమై వేచియుండ
విషము నెక్కించి వైద్యుఁడు విజయమొందె

ఇది క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో చేసిన ఫోలేట్ (ఒక బి విటమిన్) విరోధుల కుటుంబంలోది. వాటిలో అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించారు. సుబ్బారావు గారు ఆ ఏడాదే పోయారు.

విద్యార్థిని: సార్, పద్యంలో విరుగుడు లూకోవోరిన్ అని అర్థమైంది. ఫోలిక్ యాసిడ్ ఎందుకు పనికిరాదు? కీళ్లవాతం రోగులకు మెథోట్రెక్సేట్‌తో అదే రాస్తారు కదా?

నిర్వాహకుడు: ఫోలిక్ యాసిడ్ పనికి రావాలంటే డీహెచ్‌ఎఫ్ఆర్ అనే ఎంజైమ్ దాటాలి. మెథోట్రెక్సేట్ మూసింది ఆ తలుపునే. లూకోవోరిన్‌కు ఆ ఎంజైమ్‌తో పనిలేదు, అందుకే పెద్ద మోతాదు తర్వాత అదే కావాలి. కీళ్లవాతంలో మోతాదు చిన్నది, ఎంజైమ్ పూర్తిగా మూసుకోదు, అక్కడ ఫోలిక్ యాసిడ్ సరిపోతుంది. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోటి పుండ్లు, మూలుగ దెబ్బతినడం, ప్రాణాపాయం. చీటీ మీద ఆ రోజు పేరు తెలుగులో రాసి, రోగి చేత ఒకసారి చెప్పించుకోండి.