పోలిక బృందం లేకుండానే ఆస్ఫోటేజ్ ఆల్ఫాకు అనుమతి ఇవ్వడం సబబేనా?

గణాంకశాస్త్ర అధ్యాపకురాలు:
హైపోఫాస్ఫటేషియా అనే అరుదైన ఎముకల వ్యాధికి ఆస్ఫోటేజ్ ఆల్ఫా అనే మందును అమెరికా 2015లో అనుమతించింది. డాక్టర్ మైఖేల్ వైట్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఉన్నది 11 మంది చిన్నపిల్లలే, పైగా పోల్చి చూడటానికి మందు ఇవ్వని బృందమే లేదు. ఎంతమంది బతికారన్నది కూడా తర్వాత పాత రోగుల రికార్డులతోనే పోల్చారు. ఆనాటి నవజాత శిశు సంరక్షణ ఈనాటిలా లేదు కనుక మేలంతా మందు వల్లే జరిగిందని ఎలా నమ్మాలి?

పిల్లల వైద్యుడు:
మేడమ్, మీ అభ్యంతరం తీసిపారేయదగినది కాదు. అయితే ఈ వ్యాధి నడక వేరు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎంజైము లోపించడంతో, ఎముకలో ఖనిజం చేరకుండా అడ్డుకునే పైరోఫాస్ఫేట్ పేరుకుపోయి, రక్తంలో కాల్షియం, ఫాస్ఫేట్ కావలసినంత ఉన్నా ఎముక గట్టిపడదు. పక్కటెముకలు మెత్తబడిన పసికందుకు ఊపిరి అందదు. పాత రికార్డుల్లో ఐదేళ్ల వయసు దాకా బతికినవారు 27 శాతమైతే, మందు అందినవారిలో 84 శాతం. ఈ లెక్కలను పక్కన పెట్టినా, పక్కటెముకలు కనీకనిపించని ఎక్స్‌రేలో కొన్ని నెలలకే ఎముక తెల్లగా తేలడాన్ని ఏమనాలి? వెంటిలేటర్ ప్రాణం నిలపగలదు గానీ ఎముకలో ఖనిజం నింపలేదు.

ఇంకొక సంగతి ఉంది. ఈ ఎంజైము అధికంగా ఉండే పాజెట్ అనే మరో ఎముకల వ్యాధిగ్రస్తుల ప్లాస్మాను వైట్ 1980లలోనే ఇలాంటి శిశువులకు ఎక్కించి చూశారు. రక్తంలో ఎంజైము పెరిగినా ఎముకలు పెద్దగా బాగుపడలేదు. ఎముకను అంటిపెట్టుకునేలా ఎంజైముకు ఆస్పార్టిక్ ఆమ్లపు తోకను చేర్చి ఆస్ఫోటేజ్ ఆల్ఫాగా మలిచాకే ఫలితం కనిపించింది. ఆ వైఫల్యమే నాకు ఒక పోలికలా కనిపిస్తుంది. ఇంత తెలిసాక సగం మంది పసివాళ్లకు ఉత్త సెలైన్ సూది వేయమని ఏ వైద్యుడు సంతకం పెడతాడు?

గణాంకశాస్త్ర అధ్యాపకురాలు:
డాక్టరు గారూ, ఎక్స్‌రే వాదనను ఒప్పుకుంటాను. బతికినవారి శాతాలతో మాత్రం పేచీ ఉంది. మందు మొదలయ్యే రోజు దాకా బతికి ఉన్నవారే ప్రయోగంలో చేరగలరు కదా. పుట్టిన కొద్ది రోజులకే పోయినవారు పాత రికార్డుల్లో చేరి ఉంటే తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది.

పిల్లల వైద్యుడు:
ఆ మాట నిజం, అందుకే నేను ఆ అంకెల కంటే ఎముకనే నమ్ముతున్నాను. పెద్దవాళ్ల విషయంలో మాత్రం నేను పూర్తిగా మీ పక్షమే. వారిలో నొప్పి, ఎముకలు విరిగే తీరు మనిషి మనిషికీ మారతాయి, ప్రాణాపాయం అంత తక్షణం కాదు. కాబట్టి అక్కడ పోలిక బృందం ఉండాలని పట్టుబట్టడమే న్యాయం.