కొండల్లో పీహెచ్‌సీ, కరెంటు లేని రాత్రి, చేతిలో తెగిపోతున్న కుట్టు దారం: ఏం చేయాలి?

కొండదారి:

అందరికీ నమస్కారం. పాడేరు వైపు ఒక పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసర్‌గా చేరి ఎనిమిది నెలలైంది. పోయిన వారం వాగు పొంగి 108 అవతలి ఒడ్డునే ఆగిపోయింది. రాత్రి తొమ్మిదింటికి ఒకాయన్ని డోలీలో మోసుకొచ్చారు, కట్టెలు కొడుతుంటే గొడ్డలి జారి మోకాలి కింద తెగింది. ఎముకకి, టెండన్లకి (కండని ఎముకకి కలిపే నరాల్లాంటి తాళ్లు) దెబ్బ లేదు, పాదం బాగానే కదుపుతున్నాడు, కానీ కండని కప్పే గట్టి పొర, ఫాసియా దాకా తెగి నోరు తెరుచుకుని ఉంది. సరే అని శుభ్రంగా కడిగి లోపలి పొరకి కరిగే దారం (పాలీగ్లాక్టిన్, 2-0 సైజు) వేస్తుంటే మూడో ముడి దగ్గర పుటుక్కుమని తెగింది. ఇంకోటి వేశాను, అదీ అంతే. పైగా సూది దాన్ని పట్టుకునే పటకారులో, అదే నీడిల్ హోల్డర్‌లో నిలవదు, చర్మంలోకి దించే సమయానికి గిర్రున పక్కకి తిరుగుతుంది. సిస్టర్ ఫోన్ టార్చ్ పట్టుకుంటే ఊళ్లో పురుగులన్నీ ఆ వెలుతురు మీదికే వచ్చాయి. చివరికి నైలాన్‌తో వర్టికల్ మాట్రెస్ కుట్లు (ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన గుచ్చేవి) వేసి బయటపడ్డాను. ఆ రాత్రి టెన్షన్ ఇంకా దిగలేదు.

ఇప్పుడు అడిగేది ఏంటంటే, సొంత డబ్బుతో ఒక స్కిన్ స్టేప్లర్ (చర్మాన్ని పిన్నులతో మూసేది) కొనుక్కుంటే ఈ బాధలన్నీ పోతాయా? దారం అంత బలహీనంగా ఎందుకుంది, ఎక్స్‌పైరీ కూడా దాటలేదు. మా ఫార్మసిస్ట్ అయితే చేపల గాలం దారం ఉడకబెట్టి వాడొచ్చు సార్ అంటున్నాడు, నవ్వులాటకో నిజంగానో తెలియలేదు.

పాతకత్తెర:

స్టేప్లర్ సంగతి తర్వాత చూద్దాం బాబూ. ముందు ఒకటి చెప్పు, ఆ దారం అప్పుడే రేకు చింపి తీసిందా, లేక ఇంతకు ముందు వాడగా మిగిలిన ముక్కా?

కొండదారి:

సార్... మిగిలినదే. స్పిరిట్ సీసాలో వేసి ఉంచుతారు ఇక్కడ. నేను రాకముందు నుంచీ ఉన్న అలవాటు.

పాతకత్తెర:

అనుకున్నాను. ముప్పై ఏళ్ల కిందట మేమూ అదే చేసేవాళ్లం, కాకపోతే అప్పట్లో అది క్యాట్‌గట్, పశువుల పేగుతో చేసే కరిగే దారం, అది వచ్చేదే ఆల్కహాల్ ద్రవంలో మునిగి, అందుకే ఆ సీసా అలవాటు పుట్టింది. పాలీగ్లాక్టిన్ కథ వేరు. అది ఒంట్లో కరిగేది నీటి వల్లే, తడి తగిలిన దగ్గర్నుంచి దాని అణువుల గొలుసు తెగుతూ పోతుంది. ఒంట్లో వేశాక రెండు వారాలకి ముప్పావు వంతు, మూడు వారాలకి సగం బలం మిగులుతుంది. కంపెనీ వాళ్లు దాన్ని ఆరబెట్టి రేకులో మూసేది అందుకే. మీ స్పిరిట్‌లో 70 శాతం ఆల్కహాల్ అయితే మిగతా 30 నీళ్లే కదా. అందులో వారాల తరబడి నానిన దారం ఒంట్లోకి వెళ్లకముందే ఒంట్లో ఉన్నట్టు లెక్క. పైగా అది స్టెరైల్ అని, అంటే క్రిములేవీ లేవని ఎవరు చెప్పారు? రేకు చింపాక మిగిలింది పారేయడమే, మనసొప్పకపోయినా. పెట్టెని వాన కారే గోడ పక్కన, ఆటోక్లేవ్ (పనిముట్లని ఆవిరితో శుద్ధి చేసే పాత్ర) పైన అరలో పెట్టకండి, 25 డిగ్రీల లోపు ఉంచమని పెట్టె మీదే రాసి ఉంటుంది.

గాలం దారం వద్దు. అదీ నైలానే కదా అంటారు, నిజమే, కానీ అందులో ఏ రంగు, ఏ పూత కలిపారో నీకు తెలియదు. మహారాష్ట్రలో దొండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ టోంగావ్‌కర్ దోమతెర గుడ్డతో హెర్నియా ఆపరేషన్లు చేశారు, ఆ దారిలోనే ఉగాండాలో ట్రయల్ చేసి 2016లో ఫలితాలు వేశారు, హెర్నియాకి వేసే ఖరీదైన మెష్‌కి (వల గుడ్డకి) తీసిపోలేదు. కానీ వాళ్లు ఆ తెర దేనితో చేసిందో, ఎంత వేడికి తట్టుకుంటుందో చూసుకుని మొదలుపెట్టారు. సర్జికల్ నైలాన్ ఎలాగూ చవకే, గాలం దారంతో మిగిలేది ఏముంది?

ఓటీ సిస్టర్:

డాక్టర్ గారూ, మీ సూది తిరగడానికి కారణం మీ చెయ్యి కాదు, హోల్డర్ దవడలు అరిగిపోయాయి. ఒక మామూలు సైజు సూది పట్టుకుని రాచెట్ (పిడి దగ్గర బిగించే పళ్లు) రెండో మెట్టు దాకా బిగించండి. ఇప్పుడు వేళ్లతో సూదిని తిప్పి చూడండి. సులువుగా తిరిగితే ఆ హోల్డర్ పని అయిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పిడి ఉంగరాలు బంగారు రంగులో ఉన్నది అడగండి, దాని దవడల్లో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు ఉంటాయి, చాలా కాలం అరగవు. ఒక్కటి కొంటే చాలు, స్టేప్లర్ కన్నా ముందు అది.

ఇంకో మాట. బ్లీచింగ్ నీళ్లలో ఇన్‌స్ట్రుమెంట్లు రాత్రంతా వదిలేస్తున్నారేమో అడగండి. పది నిమిషాలు దాటితే స్టీల్ తినేస్తుంది, కీలు దగ్గర ఎర్రగా తుప్పు మొదలవుతుంది. మీరు కరెంటు లేనప్పుడు ప్రెషర్ కుక్కర్ రకం ఆటోక్లేవ్ వాడతారా? మీ ఊరు 900 మీటర్ల ఎత్తు ఉంటుంది, అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. ఒత్తిడి గేజ్ 15 పౌండ్లు చూపించినా లోపల వేడి కావాల్సిన 121 డిగ్రీలకి రెండు డిగ్రీల దాకా తక్కువే ఉంటుంది. వానాకాలం బయటికి తీసిన మూట తడిగా ఉంటే అది స్టెరైల్ కాదు, మళ్లీ పెట్టాల్సిందే, విసుగనుకోకండి.

అడవిపూలు:

నేను ఆదిలాబాద్ జిల్లా, నాది కొంచెం వేరే అభిప్రాయం. స్టేప్లర్‌ని మరీ తీసిపారేయకండి. తలకి దెబ్బ, తాగి బండి మీద నుంచి పడ్డవాళ్లు, కదలకుండా కూర్చోరు, రెండు నిమిషాల్లో టకటకా అయిపోతుంది, సూది గుచ్చుకుంటుందనే భయం మీకూ లేదు. ఒక్కోదాంట్లో 35 పిన్నుల దాకా వస్తాయి. కానీ అన్నా, రెండు తిరకాసులు. అది చర్మానికే, మీ కేసులో ఫాసియాకి పనికిరాదు, కాబట్టి ఆ రాత్రి ఉన్నా మీకు గట్టెక్కేది కాదు. రెండోది, పిన్నులు తీసే రిమూవర్ లేని చోటికి పేషెంట్ వెళ్తే ప్లయర్స్‌తో పీకించుకుని వస్తాడు, చూశాను. కొంటే రిమూవర్లు నాలుగు కొని సబ్‌సెంటర్ ఏఎన్‌ఎంలకి ఇవ్వండి.

అసలు మన దగ్గర పెద్ద చిక్కు మళ్లీ రాకపోవడం. కాలికి 10 నుంచి 14 రోజులకి కుట్లు తీయాలి, ఆ టైంకి వాళ్లు కొండ మీద పొలంలో ఉంటారు. పిల్లల మొహానికి, తలకి నేను త్వరగా కరిగే దారమే వాడతాను, తీసే పని ఉండదు. తలకి ఇంకో కిటుకు ఉంది, జుట్టుతోనే గాయం మూయడం. గాయం 10 సెంటీమీటర్ల లోపు, జుట్టు 3 సెంటీమీటర్ల కన్నా పొడుగు, రక్తం ఆగి ఉండాలి. రెండు వైపుల నుంచి నాలుగైదు వెంట్రుకలు తీసుకుని ఒక్క మెలి తిప్పి దాని మీద ఒక చుక్క మెడికల్ గ్లూ. ముడి వేయక్కర్లేదు, మత్తు సూది కూడా అక్కర్లేదు. మెడికల్ గ్లూ అన్నాను, కిరాణా కొట్లో గ్లూ కాదు, అది చర్మాన్ని మండిస్తుంది. కుక్క కరిచిన గాయానికి, మోకాలి మడత మీద ఏ గ్లూ వద్దు.

పాతకత్తెర:

వెలుతురు గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫోన్ టార్చ్ పట్టుకున్న మనిషి ఒక చెయ్యి పోయినట్టే, పైగా నీ చేతి నీడ గాయం మీదే పడుతుంది. తలకి కట్టుకునే ఎల్‌ఈడీ లైట్ కొను, నీ చూపు ఎటుంటే వెలుగు అటే. పురుగులకి వేరే దీపం గదికి అవతలి మూల వెలిగించి పెట్టు. 1961 ఏప్రిల్ 30న అంటార్కిటికాలో నోవోలజరేవ్‌స్కయా స్టేషన్‌లో రోగజోవ్ అనే కుర్ర డాక్టర్ తన అపెండిక్స్ తనే తీసుకున్నాడు. తోటివాళ్లు అద్దం పట్టుకున్నారు, అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తోందని చాలా భాగం వేళ్ల స్పర్శతో, అదీ గ్లవ్స్ లేకుండా చేశాడు. వారానికి కుట్లు తీశారు. నువ్వు అంత దూరం పోనక్కర్లేదు కానీ చూడకుండా ముడి వేయడం ఇంట్లో కుర్చీ కాలికి తాడు కట్టి సాధన చెయ్యి. నైలాన్‌కి ఐదారు ముడులు, జారుతుంది. ఒంట్లో ఉండిపోయే దారం ముక్కని హోల్డర్‌తో నలపకు, నలిగిన చోటే తెగుతుంది.

కొండదారి:

అందరికీ చాలా థాంక్స్. రాచెట్ పరీక్ష చేశాను, ఉన్న మూడు హోల్డర్లలో రెండిట్లో సూది చిన్న పిల్లాడు తిప్పినా తిరుగుతోంది. స్పిరిట్ సీసా ఖాళీ చేయించాను, ఫార్మసిస్ట్ మొహం చూడాలి మీరు. సిస్టర్ గారూ, ఒక్క డౌట్. ఎత్తు లెక్కన గేజ్ 16.5 దాకా పెంచాలా? 15 దగ్గర ఎర్ర గీత ఉంది, సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుందేమో.

ఓటీ సిస్టర్:

ఎర్ర గీత దాటించొద్దు. ఒత్తిడి పెంచే బదులు టైం పెంచండి. ఆవిరి నిండుగా వచ్చి లోపలి గాలంతా పోయాక వాల్వ్ మూసి, గేజ్ 15కి చేరాక అక్కడి నుంచి 30 నిమిషాలు లెక్కపెట్టండి. మూట లోపల ఆవిరి సరిగ్గా తగిలితే రంగు మారే ఇండికేటర్ స్ట్రిప్ ఒకటి పెట్టండి, మూట పైన అంటించిన టేప్ రంగు మారితే సరిపోదు.