క్లస్టర్‌లో రీస్టోర్ పెడితే వాల్యూమ్ లాక్ అవ్వట్లేదు, ఏటి చెయ్యాలి?

కోటజంక్షన్ (విజయనగరం):
అన్నలూ, మాది రెండు నోడ్ల (సర్వర్ల) విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్, అంటే ఒకటి పడిపోతే రెండోది పని అందుకుంటాది, ఇక్కడ జూట్ మిల్లులో అకౌంట్స్, జీతాలు అన్నీ దాని మీదే. ఎఫ్ డ్రైవ్‌లో డేటా పాడైంది, ఇమేజ్ బ్యాకప్ (డ్రైవ్ మొత్తం కాపీ) ఉంది గానీ వాల్యూమ్ మొత్తం రీస్టోర్ కొడితే వేరే ప్రాసెస్ వాడుతోంది, లాక్ (డ్రైవ్ తనొక్కదానికే దక్కడం) దొరకలేదు అని ఆగిపోతోంది. డేటాబేస్ నడిపే ఎస్‌క్యూఎల్‌ని విండోస్ సర్వీసెస్‌లోకెళ్లి ఆపితే కాసేపటికి మళ్లీ అదే లేచి కూర్చుంటోంది, పోనీ డిస్క్ ఆఫ్‌లైన్ చేద్దామంటే రీస్టోర్ సాఫ్ట్‌వేర్‌కి డ్రైవే కనపడదు. రేపు జీతాల షీట్ తియ్యాలి, ఎవరైనా చెప్పండి.

బొబ్బిలివీణ:
సర్వీసెస్‌లో ఆపితే క్లస్టర్ ఊరుకోదు బాబూ, అది ఫెయిల్ అయిందనుకుని మళ్లీ లేపుతాది, లేకపోతే రెండో నోడ్‌కి తోసేస్తాది. ఫెయిలోవర్ క్లస్టర్ మేనేజర్‌లోకెళ్లి ఎస్‌క్యూఎల్ రిసోర్స్ ఒక్కటే ఆఫ్‌లైన్ చెయ్, దాని ఏజెంట్ (టైముకి పనులు నడిపే సర్వీసు) దాంతోపాటే పోతాది, డిస్క్ మాత్రం ఆన్‌లైన్‌లోనే ఉంచు. తర్వాత డిస్క్ మీద రైట్ క్లిక్ కొట్టి మోర్ యాక్షన్స్‌లో మెయింటెనెన్స్ మోడ్ ఆన్ చెయ్. అప్పుడు క్లస్టర్ ఆ డిస్క్‌కి హెల్త్ చెక్ ఆపేస్తాది, రీస్టోర్ కోసం వాల్యూమ్ డిస్‌మౌంట్ అయినా (విండోస్ నుంచి విడిపోయినా) కంగారు పడదు. రీస్టోర్ మాత్రం డిస్క్ ఏ నోడ్ దగ్గరుందో ఆ నోడ్ మీంచే పెట్టు.

పలాసజీడి:
పైన చెప్పింది కరెక్టే గానీ అసలు వాల్యూమ్ మొత్తం ఎందుకు? పాడైనవి నాలుగు ఫైళ్లే అయితే ఫైల్ లెవెల్ రీస్టోర్ చాలు కదా, దానికి వాల్యూమ్ లాక్‌తో పనే లేదు, ఎస్‌క్యూఎల్ ఆపుంటే సరిపోద్ది. నేనైతే ఖాళీ డిస్క్ ఒకటి చూసుకుని దాని మీదకి తీసి, చెక్ చేసుకుని, అప్పుడు కాపీ కొడతాను. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, అప్పట్నుంచి ఉన్న డేటా మీద నేరుగా రాయాలంటే భయం.

కోటజంక్షన్:
డేటాబేస్ ఫైలొకటే కాదన్నా, ఫైల్ సిస్టమే పోయినట్టుంది. మెయింటెనెన్స్ మోడ్ పెట్టాను, అయినా లాక్ రావట్లేదు.

పలాసజీడి:
ఐతే ఇంకెవరో పట్టుకున్నారు. ఏ ఫైల్‌ని ఎవరు పట్టుకున్నారో చూపించే సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల హ్యాండిల్ టూల్ అడ్మిన్‌గా రన్ చేసి ఎఫ్ మీద ఎవరున్నారో చూడు. యాంటీవైరస్, సెర్చ్ ఇండెక్సింగ్, పేజ్‌ఫైల్, ఆఖరికి ఎఫ్‌లో తెరిచొదిలేసిన కమాండ్ విండో ఉన్నా చాలు. ఇంకో అడ్మిన్ రిమోట్ సెషన్ డిస్‌కనెక్ట్ చేసి లాగాఫ్ అవ్వకుండా పోయాడేమో కూడా చూడు, మా దగ్గర ఎక్కువగా అదే.

కోటజంక్షన్:
యాంటీవైరస్సే అన్నా!! ఎఫ్‌ని స్కాన్ చేస్తూ కూర్చుంది. ఆపగానే లాక్ పడింది, రీస్టోర్ నడుస్తోంది. అయ్యాక ఇంకేమన్నా చూడాలా?

బొబ్బిలివీణ:
ముందు మెయింటెనెన్స్ మోడ్ తియ్, అది అలాగే వదిలేస్తే రేపు డిస్క్ నిజంగా పోయినా క్లస్టర్‌కి తెలీదు. తర్వాత ఎస్‌క్యూఎల్ ఆన్‌లైన్ చెయ్. నువ్వు వాల్యూమ్ ఒక్కటే తీస్తున్నావు కాబట్టి పర్లేదు గానీ డిస్క్ మొత్తం రీస్టోర్ చేసినోళ్లకి డిస్క్ సిగ్నేచర్ (డిస్క్‌ని గుర్తుపట్టే నంబర్) మారిపోతే క్లస్టర్ ఆ డిస్క్‌ని గుర్తుపట్టదు, అప్పుడు అదే మోర్ యాక్షన్స్‌లో రిపేర్ అని ఉంటాది, అది వాడాలి. యాంటీవైరస్ ఆన్ చెయ్యడం మర్చిపోకు.