యోషిదా హిరోషి అచ్చుచిత్రాల వైపు ఎందుకు మళ్ళారు?

ప్రశ్న: తైలవర్ణాల్లోనూ నీటిరంగుల్లోనూ పేరు తెచ్చుకున్న జపాన్ ప్రకృతి చిత్రకారుడు యోషిదా హిరోషి (1876–1950), నడివయసులో చెక్క అచ్చులను (చెక్క దిమ్మెలపై బొమ్మ చెక్కి, రంగు పూసి కాగితంపై వేసే చిత్రాలను) చేపట్టడానికి కారణమేమిటో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1: 1920లో ప్రచురణకర్త వతనబె షోజబురో ఆయన చేత అచ్చులకు బొమ్మలు గీయించారు. 1923లో జపాన్‌లో వచ్చిన భూకంపం తెచ్చిన మంటల్లో ఆ బొమ్మల దిమ్మెలు కాలిపోయాయి. తరువాత యోషిదా అమెరికాలో జపాన్ అచ్చులపై ఉన్న మక్కువను గమనించి, 1925లో సొంతంగా ప్రచురణ మొదలుపెట్టారు.

జవాబు 2: పై జవాబుకు ఒక మాట చేర్చాలి. చెక్కేవారిని, అచ్చువేసేవారిని ఆయనే దగ్గరుండి నడిపించి, తాను పర్యవేక్షించిన ప్రతులపై ‘జిజురి’ (స్వయంగా అచ్చువేసినది అని అర్థం) ముద్ర వేసేవారు. 1926 నాటి తెరచాప పడవల వరుసలో, చాలావరకు అవే దిమ్మెలతో, రంగులు మాత్రం మార్చి ఉదయాన్ని, పొగమంచును, రాత్రిని చూపారు. ఆయన పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ప్రశ్న అడిగినవారు: ఇద్దరికీ కృతజ్ఞతలు. ఆయన వేసిన తాజ్‌మహల్ అచ్చులు భారతయాత్ర ఫలమేనా?

జవాబు 2: అవునండీ, 1930లో బయలుదేరిన యాత్రే వాటికి మూలం.