విండో రూపాన్ని మార్చే అధికారం ఎవరిది: వాడేవారిదా, ప్రోగ్రాము రాసేవారిదా?

చర్చ ప్రారంభించినవారు:
లైనక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్‌కు అప్లికేషన్లు రాసే డెవలపర్లు కొందరు 2019లో ఒక బహిరంగ లేఖ విడుదల చేశారు. లైనక్స్ డిస్ట్రిబ్యూషన్లు (లైనక్స్‌ను సిద్ధం చేసి అందించేవారు) తమకు నచ్చిన థీమ్‌ను, అంటే రంగులు, ఆకృతుల అమరికను, అన్ని అప్లికేషన్ల మీదా రుద్దడం మానాలన్నది అందులోని విన్నపం. ఎవరి కంప్యూటర్‌లో వారు మార్పులు చేసుకుంటే అభ్యంతరం లేదని కూడా అందులోనే రాశారు. 2021 చివరలో గ్నోమ్ అప్లికేషన్లకు బటన్లు, జాబితాల వంటి భాగాలను అందించే లిబ్‌అద్వైత 1.0 వచ్చింది. దానితో రాసిన అప్లికేషన్లు సిస్టమ్‌లో పెట్టుకున్న థీమ్‌ను తీసుకోవు. కేడీఈ అనే మరో డెస్క్‌టాప్ మాత్రం టైటిల్ బార్ (విండో పైనుండే పట్టీ) ఆకృతి మొదలుకొని మూసివేసే బటన్ ఏ వైపు ఉండాలన్నంత వరకు అన్నీ వాడేవారికే వదిలేసింది. ఈ రెండింటిలో ఏది సరైన దారి అని మీరు భావిస్తున్నారు?

సమాధానం 1:
నేను అప్లికేషన్లు రాస్తాను కనుక డెవలపర్ల పక్షాన మాట్లాడతాను. థీమ్ అంటే రంగు మార్చడమే అని చాలామంది అనుకుంటారు గాని, గ్నోమ్ అప్లికేషన్లకు పునాది అయిన జీటీకేలో థీమ్ అనేది అప్లికేషన్ లోపలి ప్రతి బటన్‌నూ, ప్రతి గడినీ తాకే సీఎస్‌ఎస్ (రూపాన్ని నిర్దేశించే భాష) ఫైలు. 2016లో వచ్చిన జీటీకే 3.20లో ఆ భాగాల పేర్లు మారగానే అంతకు ముందు రాసిన థీమ్‌లు చెడిపోయాయి. ఒక థీమ్ బటన్ వెనుక రంగును తెలుపు చేసి, దాని మీది గుర్తును కూడా తెలుపుగానే వదిలేస్తే బటన్ కనిపించదు. తొలగించే బటన్‌కు హెచ్చరికగా నేను పెట్టిన ఎరుపును మరో థీమ్ చెరిపేస్తే పొరపాటున ఫైళ్లు పోతాయి. ఆ థీమ్ రాసినవారెవరో వాడేవారికి తెలియదు. ఫిర్యాదు నాకే వస్తుంది. నేను పరీక్షించని రూపానికి నేను బాధ్యత వహించడం సాధ్యం కాదు.

సమాధానం 2:
మీ ఇబ్బంది నాకు అర్థమైంది, కానీ నా చూపు బలహీనం కనుక ఈ విషయాన్ని నేను మరో వైపు నుంచి చూడవలసి వస్తోంది. తెర మీద మూడు విండోలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయనుకోండి. మూడింటికీ టైటిల్ బార్ తెలుపు, చుట్టూ అంచు లేదు, ఉన్నదల్లా లేత నీడ. ఇప్పుడు కీబోర్డు ఏ విండోకు పనిచేస్తోంది? టైటిల్ అక్షరాలు కాస్త నల్లగా ఉన్నాయా, బూడిద రంగులో ఉన్నాయా అన్న తేడాను బట్టి గుర్తించాలి, ఆ తేడా నా కంటికి ఆనదు. ఒకరికి రాస్తున్న సందేశం మరొకరి విండోలోకి వెళ్లిపోవడం దీనివల్లే.

విండోస్ 95లో పనిచేస్తున్న విండో టైటిల్ బార్‌కు ఒక రంగు, మిగతావాటికి ఇంకొక రంగు విడివిడిగా ఎంచుకునే వీలుండేది; అంచు మందాన్నీ, టైటిల్ అక్షరాల పరిమాణాన్నీ కూడా మార్చుకునేవాళ్లం. 2012లో వచ్చిన విండోస్ 8తో క్లాసిక్ థీమ్, దానితోపాటు ఆ అమరికల్లో చాలా భాగం పోయాయి. 2015లో విండోస్ 10 మొదట తెల్లటి టైటిల్ బార్లతోనే వచ్చింది. అదే ఏడాది నవంబరు అప్‌డేట్‌లో వాటికి రంగు వేసుకునే వీలు తిరిగి ఇచ్చారు. అయినా తన టైటిల్ బార్‌ను తానే గీసుకునే ప్రోగ్రాము ఆ రంగును పట్టించుకోకపోవచ్చు. అందాన్ని నేను అడగడం లేదు. ఏ విండోలో ఉన్నానో తెలిస్తే చాలు.

సమాధానం 1 రాసినవారు:
రంగుల మధ్య తేడాను బాగా పెంచే హై కాంట్రాస్ట్ అమరిక ఉన్నది అందుకే కదా? 2024లో వచ్చిన గ్నోమ్ 47లో వాడేవారు ఎంచుకోగల తొమ్మిది యాక్సెంట్ రంగులు కూడా చేర్చారు.

సమాధానం 2 రాసినవారు:
యాక్సెంట్ రంగు బటన్లకూ, ఎంపిక చేసిన వరుసలకూ వస్తుంది, టైటిల్ బార్‌కు రాదు. హై కాంట్రాస్ట్ పెట్టుకుంటే నాకు అవసరం లేని చోట కూడా తెర మొత్తం మారిపోతుంది.

సమాధానం 3:
ఇద్దరూ రెండు వేర్వేరు వస్తువుల గురించి వాదిస్తున్నారని నాకు అనిపిస్తోంది. విండోలను తెర మీద చూపడానికి లైనక్స్ వాడుతూ వచ్చిన, 1987 నాటి ఎక్స్11 పద్ధతిలో విండో లోపలి భాగం ప్రోగ్రాముది, చుట్టూ ఉన్న చట్రం విండో మేనేజర్‌ది. చట్రాన్ని గీసేది వేరే ప్రోగ్రాము కనుక లోపలిది స్తంభించినా విండోను పక్కకు జరపగలిగేవాళ్లం, రంగు మార్చినా లోపల ఏదీ చెడేది కాదు. జీటీకే 3.10తో 2013లో హెడర్ బార్ వచ్చాక టైటిల్, బటన్లు, మెనూ ఒకే వరుసలోకి చేరాయి. చిన్న తెరల మీద చోటు కలిసివచ్చిన మాట నిజమే, కాని చట్రానికీ లోపలి భాగానికీ మధ్య ఉన్న గట్టు చెరిగిపోయింది. ఇప్పుడు ఎక్స్11 స్థానంలోకి వస్తున్న వేలాండ్‌లో చట్రం ఎవరు గీయాలో తేల్చుకోవడానికి ఎక్స్‌డీజీ డెకరేషన్ అనే ప్రోటోకాల్ ఉంది. కేడీఈ దాన్ని అమలు చేసింది, గ్నోమ్ చేయలేదు. గ్నోమ్ నిర్ణయం సరైనది కాదని నా అభిప్రాయం. లోపలి భాగంపై డెవలపర్ మాటే చెల్లాలి, కానీ పది ప్రోగ్రాములను పక్కపక్కన పెట్టుకుని పనిచేసేది వాడే మనిషి గనుక, వాటిని వేరుచేసి చూపే చట్రం ఆ మనిషి చేతిలోనే ఉండాలి.

సమాధానం 1 రాసినవారు:
చట్రం వరకే అయితే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది. పనిచేస్తున్న విండో చుట్టూ మందమైన రంగు అంచు గీయడానికి నా కోడ్‌లో మార్పు అవసరం లేదు; నీడను మినహాయించి విండో ఎంత మేర ఉందో, విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపే కంపోజిటర్‌కు ప్రోగ్రాము ముందే చెబుతుంది కాబట్టి కంపోజిటరే ఆ పని చేయగలదు. చిక్కల్లా మూలల దగ్గర ఉంది. విండోస్ 11లో మూలలను గుండ్రంగా కత్తిరించేది సిస్టమే కాబట్టి రంగు అంచు వాటికి సరిగ్గా అతుకుతుంది. గ్నోమ్‌లో ఆ గుండ్రదనాన్ని ప్రోగ్రామే గీసుకుంటుంది, ఎంత వంపు ఇచ్చిందో కంపోజిటర్‌కు తెలియదు. ఆ ఒక్క కొలతను కంపోజిటర్‌కు అందించే మార్గం ఏర్పడితే, సమాధానం 2 రాసినవారు అడిగిన అంచును నా అప్లికేషన్ల చుట్టూ గీయడానికి నేను సంతోషంగా ఒప్పుకుంటాను.