కరకట్ట పక్క ఊళ్ళో ఇంట్లోకి రాని సిగ్నల్: ఆన్‌లైన్ క్లాసులు నడిచే దారి చెప్పండి

ప్రశ్న (కొల్లిపర మండలం నుంచి)

అందరికీ నమస్కారం. మాది కృష్ణ కరకట్టను ఆనుకుని ఉన్న ఊరు. ఇంటి చుట్టూ అరటి తోటలు, పసుపు చేలు. మా అమ్మాయి పోటీ పరీక్షకు ఇంటి దగ్గరే ఉండి చదువుతోంది. రోజూ సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా ఆన్‌లైన్ క్లాసు. హాల్లో కూర్చుంటే బొమ్మ ఆగిపోతుంది, పంతులు గారి మాట తెగిపోతుంది. మొన్న నమూనా పరీక్ష రాస్తుండగా సిగ్నల్ పోయి, ల్యాప్‌టాప్ ఒక చేత, ఫోను ఒక చేత పట్టుకుని డాబా మీదికి పరుగెత్తింది. అప్పటి నుంచి దోమల్లో, మంచులో డాబా మీదే చదువు. చూస్తూ ఉండలేకపోతున్నాను.

ఫైబర్ మా వీధి దాకా రాలేదని కేబుల్ వాళ్ళు అన్నారు. ఒక దుకాణంలో సిగ్నల్ బూస్టర్ పెట్టించుకోమన్నారు. కొత్త ఫోను కొనాలా, సిమ్ మార్చాలా, బూస్టర్ కొనాలా? ఒకసారే ఖర్చు పెట్టగలను.

జవాబు (తెనాలి)

బాబాయి గారూ, ముందు బూస్టర్ ఆలోచన మానుకోండి. అనుమతి లేకుండా ఇంట్లో బూస్టర్ పెట్టుకోవడం చట్టప్రకారం నేరం. పైగా అది టవరు వైపు రొద పంపి చుట్టుపక్కల ఇళ్ళ ఫోన్లను కూడా పాడుచేస్తుంది. మీ అమ్మాయి కోసం పెట్టింది పక్కింటి పిల్లల చదువుకు అడ్డం కావచ్చు.

కొత్త ఫోను కూడా ఇప్పుడే వద్దు. ముందు కొలవండి. ఫోను పైన కనిపించే గీతలతో పని కాదు, ఒక్కో కంపెనీ ఫోను ఒక్కో లెక్కన గీతలు చూపిస్తుంది. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు ఉండే చోట సిమ్ స్థితి తెరిస్తే సిగ్నల్ బలం మైనస్ అంకెలో, డీబీఎం అని కనిపిస్తుంది. 4జీలో మైనస్ 90 లోపు ఉంటే చాలా బాగున్నట్టు. మైనస్ 100 దగ్గర పని జరుగుతుంది. 110 దాటితే అవస్థ, 120 దగ్గరికి వెళ్తే ఆశ వదులుకోవలసిందే. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: పది అంకెల తేడా అంటే బలంలో పది రెట్ల తేడా, ఇరవై అంటే వంద రెట్లు. అందుకే ఒక గది నుంచి ఇంకో గదికి మారితే చాలు, కథ మొత్తం మారిపోతుంది.

ఇంట్లో ప్రతి గదిలో, ప్రతి కిటికీ దగ్గర, మెట్ల మీద, డాబా మీద ఒక్కో నిమిషం ఆగి అంకె రాసుకోండి. ఆ అంకె ఊగుతూ ఉంటుంది, తొందరపడవద్దు. కాంక్రీటు శ్లాబు, ఇనుప రేకులు సిగ్నల్‌ను బాగా అడ్డుకుంటాయి. తడిసిన అరటాకులు కూడా తినేస్తాయి. వర్షం వెలిసిన సాయంత్రం ఇంకోసారి చూడండి.

ఆ తర్వాత చుట్టాలవో, ఇరుగుపొరుగువో వేరే కంపెనీల సిమ్‌లున్న ఫోన్లు తెప్పించుకుని అదే చోట్ల కొలవండి. ఊళ్ళో ఎవరో బాగుందన్నారని సిమ్ మార్చుకోకండి. వాళ్ళ ఇల్లు వేరు, మీ ఇల్లు వేరు. కంపెనీలు తమ సిగ్నల్ ఎక్కడెక్కడ ఉందో చూపే పటాలను వెబ్‌సైట్లలో పెట్టాలని ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నియమం ఉంది. కేంద్ర టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్‌లో మీ ఊరికి దగ్గర్లో ఉన్న టవర్లు కనిపిస్తాయి. టవరు ఏ దిక్కున ఉందో తెలిస్తే ఏ కిటికీ వైపు చూడాలో తెలిసినట్టే.

జవాబు (విజయవాడ)

అన్నయ్య గారూ, నేను టీచరును. మా అత్తగారి ఊరు దుగ్గిరాల పక్కన, సెలవుల్లో అక్కడి నుంచే పాఠాలు చెబుతాను. ఒకటి చూసుకోండి. తెల్లవారుజామున ఐదింటికీ, రాత్రి ఏడింటికీ ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో వేగం కొలవండి. డీబీఎం అంకె రెండుసార్లూ ఒకటే ఉండి రాత్రి మాత్రమే వేగం పడిపోతే లోపం సిగ్నల్‌ది కాదు. ఊరంతా ఒకే టవరు మీద పడుతోందని అర్థం. అప్పుడు ఫోనును ఎక్కడ పెట్టినా లాభం లేదు, కంపెనీ మార్చడమే దారి.

ఇంకొకటి, ల్యాప్‌టాప్ తనంతట తాను అప్‌డేట్లు దించుకుంటూ రోజు డేటా మొత్తం తాగేస్తుంది. వైఫై సెట్టింగ్స్‌లో 'మీటర్డ్ కనెక్షన్' అనేది ఆన్ చేయండి. మా ఇంట్లో సగం బాధ దానితోనే తీరింది.

ప్రశ్న అడిగినవారు (మూడు రోజుల తర్వాత)

బాబూ, అమ్మా, మీరు చెప్పినట్టే అమ్మాయీ నేనూ నోటు పుస్తకం పట్టుకుని తిరిగాం. హాల్లో మైనస్ 117. వంటింట్లో 119. డాబా మీద 95. డాబా మీదికి వెళ్ళే మెట్ల గదిలో తూర్పు కిటికీ దగ్గర 98! ఆ గదిలో గోనెసంచులు తప్ప ఏమీ ఉండవు. మా బావమరిది సిమ్‌తో అదే కిటికీ దగ్గర 104 వచ్చింది, కానీ రాత్రి ఏడింటికి వేగం మా సిమ్ కంటే మూడు రెట్లు ఉంది. ఇప్పుడు ఏది తీసుకోవాలి?

జవాబు (తెనాలి)

బాబాయి గారూ, మీకు కావలసింది ఆ కిటికీలోనే ఉంది. మనిషి సిగ్నల్ దగ్గరికి వెళ్ళి కూర్చోనక్కరలేదు, ఫోను అక్కడ ఉంటే చాలు.

సిమ్ విషయంలో బావమరిది గారిదే మేలు. క్లాసు జరిగే వేళకు ఏది నడుస్తుందో అదే మంచి సిమ్. అయితే మీ నంబరును మార్చకండి. ఆ కంపెనీది ఇంకో ప్రీపెయిడ్ సిమ్ తీసుకుని ఇంట్లో పాత 4జీ ఫోను ఉంటే అందులో వేయండి. మీ నంబరు మీ జేబులోనే ఉండాలి. అది కూడా మెట్ల గదిలో ఉంటే బ్యాంకు ఓటీపీ వచ్చిన ప్రతిసారీ మీరు మెట్లెక్కాలి.

ఆ పాత ఫోనును తూర్పు కిటికీలో పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. హాట్‌స్పాట్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, 5 గిగాహెర్ట్జ్ గోడలను అంత బాగా దాటలేదు. మెట్ల దారి తెరిచే ఉంటుంది కాబట్టి వైఫై కిందికి దిగుతుంది. అమ్మాయి బల్లను హాల్లో మెట్ల వైపు జరపండి. ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ దానంతటదే ఆగిపోయే అమరికను తీసేయండి. నెట్‌వర్క్ రకం దగ్గర 4జీ మాత్రమే ఉంచండి, లేకపోతే ఫోను 4జీ నుంచి పాత 3జీకో, 2జీకో మారిపోయి క్లాసు తెగవచ్చు.

ఫోనుకు తొడుగు తీసేయండి. ఎండ నేరుగా పడకూడదు. కొందరు డాబా మీద స్టీలు డబ్బాలో ఫోను పెడతారు, సిగ్నల్‌ను చేతులారా ఆపుకోవడమే అది. మన గుంటూరు ఎండలకు ఆ డబ్బా పొయ్యి అవుతుంది కూడా. ఛార్జర్ రోజంతా తగిలించి ఉంచవద్దు, క్లాసు సమయానికే పెట్టండి. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపిస్తే ఆ ఫోనును ఇక వాడకండి.

ఇది చాలకపోతేనే డబ్బు ఖర్చు. అప్పుడు కూడా ఫోను కొనకండి, సిమ్ వేసుకునే 4జీ రూటరు కొనండి, బయటి యాంటెన్నా తగిలించుకునే రంధ్రాలున్నది. యాంటెన్నా తీగ పొడుగయ్యే కొద్దీ సిగ్నల్ దారిలోనే పోతుంది. కాబట్టి రూటరును మెట్ల గదిలోనే ఉంచి, అక్కడి నుంచి హాల్లోకి లాన్ కేబుల్ లాగండి. ఆ కేబుల్ 100 మీటర్ల దాకా నష్టం లేకుండా పని చేస్తుంది.

జవాబు (మంగళగిరి)

బీఎస్ఎన్ఎల్ 4జీ కూడా ఒకసారి కొలిచి చూడండి. వాళ్ళు వాడే 700 మెగాహెర్ట్జ్ తరంగాలు దూరం వెళ్తాయి, గోడలనూ బాగా దాటుతాయి. ఆ తరంగాలను అందుకోవాలంటే ఫోనులో బ్యాండ్ 28 అనేది ఉండాలి, పాత ఫోన్లు చాలావాటిలో ఉండదు. ఫోను మోడల్ వివరాల్లో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు (వారం తర్వాత)

పాత ఫోను, కొత్త సిమ్. మెట్ల గది కిటికీలో కొబ్బరి తాడుతో ఊచకు కట్టాం. నాలుగు రోజులుగా అమ్మాయి హాల్లో ఫ్యాను కింద కూర్చుని క్లాసు వింటోంది. నిన్న రెండు గంటల్లో ఒక్కసారి ఆగింది, అదీ కరెంటు పోయినప్పుడు. బాబూ, కరెంటు పోయిన కాసేపటికి టవరే పడిపోతోంది. దానికి ఏం చేయాలి?

జవాబు (తెనాలి)

టవరు దగ్గర బ్యాటరీలు దెబ్బతిని ఉండవచ్చు, బాబాయి గారూ. కరెంటు ఎన్నింటికి పోయింది, సిగ్నల్ ఎన్నింటికి పోయింది, నాలుగైదు రోజులు అదే నోటు పుస్తకంలో రాయండి. ఆ వివరాలతో 198కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ నంబరుతోనే కంపెనీ అప్పీలు అధికారికి వెళ్ళవచ్చు. ఇరుగుపొరుగు నలుగురి చేతా విడివిడిగా ఫిర్యాదు చేయించండి. ఆ లోపు రెండో మార్గంగా మీ జేబులోని సిమ్‌ను సిద్ధంగా ఉంచండి, రెండు కంపెనీల టవర్లు వేర్వేరు చోట్ల ఉంటే ఒకటి పడినా ఇంకొకటి నిలబడుతుంది.