ఆన్‌లైన్ రమ్మీ బంద్ అయ్యింది, మన కోనసీమకి ఒరిగిందేంటి?

చెరువుగట్టు (ముమ్మిడివరం):
2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసింది కదండీ, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్ అని. నడిపినోడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. ఆడినోడికి శిక్ష లేదు. నాకైతే ఇందులో తప్పేం కనపళ్లేదు. మా రొయ్యల చెరువు కాపలా కుర్రాడు రాత్రిళ్లు ఏరియేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి. వాడు మంచం మీద దుప్పటి ముసుగేసి రమ్మీ ఆడేవాడు. దుప్పట్లోంచి నీలం వెలుగు గట్టు మీదికి కనపడేది. మేతకని నేనిచ్చిన డబ్బులు రెండు రాత్రుల్లో ఊడ్చిపెట్టేశాడు. అడిగితే, "గెలిచి పెట్టేద్దామనుకున్నానండి" అన్నాడు. మీరేమంటారు?

డేగపుంజు (భీమవరం):
ఆయ్, బానే చెప్పారు గానీ, సంక్రాంతి కోడిపందేల బరుల మాటేంటండీ? 1974 గేమింగ్ చట్టం ఉంది, 1960 జంతుహింస చట్టం ఉంది, 2016లో హైకోర్టు కూడా ఆపమంది. అయినా టెంట్లు లేస్తాయి, కత్తులు కడతారు, పక్కనే గుండాట. చట్టం ఫోనుకేనా? పైగా రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని 1968లో సుప్రీంకోర్టే అంది, అదీ మన ఆంధ్రప్రదేశ్ కేసులోనే.

చెరువుగట్టు:
ఆ తీర్పు సగమే చెప్పారు మీరు. ఆడించేవాడు ఆ ఆట మీద లాభం తీసుకుంటే నేరం కావచ్చనీ అందులోనే ఉంది. యాప్ బతికేదే ఆ లాభం మీద. ఇక బరంటారా, కనుమ అయ్యాక టెంటు పీకేస్తారు. ఫోనుకి కనుమ ఎక్కడుంది?

గౌతమి ఒడ్డు (ఎదుర్లంక):
నిషేధం మనకేం కొత్త కాదండీ. 2020లోనే మన రాష్ట్రం ఆపేసింది. అప్పుడేమైంది? వంతెన దాటితే యానాం, అది పుదుచ్చేరి. అక్కడ మన చట్టం చెల్లదు. మా కుర్రాళ్లు బండేసుకుని వెళ్లి, ఏటిగట్టు మీద కూచుని ఆడి వచ్చేవారు. పెట్రోలు దండగనుకున్నోళ్లు లొకేషన్ మార్చే యాప్ వేసుకున్నారు. ఇప్పుడిది కేంద్రం చట్టం కాబట్టి యానామూ దీని కిందికొచ్చింది. అంచేత టెలిగ్రామ్‌లో లింకు, ఎవడి పేరు మీదో ఉన్న ఖాతాకి డబ్బు. ఇదివరకు కంపెనీ ఫలానా అని తెలిసేది, 2023 అక్టోబరు నుంచి పెట్టిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ వసూలయ్యేది. లైసెన్సిచ్చి, రోజుకింతే ఆడాలని హద్దు పెడితే సరిపోను.

డ్వాక్రా అక్క (రావులపాలెం):
ఎదుర్లంక తమ్ముడూ, రోజుకి అయిదొందలు హద్దు పెడితే రోజూ అయిదొందలు పోతాయి. నెలకెంతో లెక్కేసుకో. మా గ్రూపులో ఒకామె మూడు కిస్తీలు ఆపేసింది. వాళ్లాయన ఫోన్ చూస్తే అన్నీ చిన్న చిన్న ముక్కలే, రెండొందలు, మూడొందలు. ఆడినోడికి శిక్ష లేదన్న ముక్క మాత్రం నాకు నచ్చింది. మొగుణ్ణి జైల్లో పెడతారంటే ఏ ఆడదీ స్టేషన్ మెట్లెక్కదు. ఆ యాప్‌లకి బ్యాంకులు డబ్బు పంపకూడదని కూడా చట్టంలో ఉంది. ఆ ఎవడి పేరు మీదో ఉన్న ఖాతాలున్నాయి చూడు, ముందు వాటిని పట్టుకోమనండి.

గౌతమి ఒడ్డు:
ఖాతాల సంగతి ఒప్పుకుంటానక్కా. లైసెన్సు మాట మాత్రం వెనక్కి తీసుకోను. కంపెనీలు కోర్టుకెక్కాయి కదా, చూద్దాం.

డేగపుంజు:
అయితే చెరువుగట్టు గారూ, ఈ పండక్కి బరి దగ్గర కనపడరన్నమాట?

చెరువుగట్టు:
చూడ్డానికొస్తానండీ.